బేస్తవారం లేని పట్టిక

నెలలో మొదటి ఆదివారం వస్తోందంటే నాకు శనివారం నుంచే చిరాకు మొదలయ్యేది. బోధన్‌లో మా మెథడిస్టు చర్చిలో ఆ రోజే ప్రభువు బల్ల. పాస్టరు గారు పిలవగానే జనం వరుస వెంట వరుస లేచి, ముందుకు వెళ్లి మోకరించి, రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం తీసుకుని వెనక్కి వస్తారు. మా వరుస వంతు వచ్చినప్పుడు ఆడవాళ్లంతా లేచేవాళ్లు. నన్ను కన్న మా అవ్వ గంగవ్వ ఒక్కతే చాప మీద నుంచి కదిలేది కాదు. కాళ్లు కొంచెం పక్కకు జరిపి మిగతావాళ్లకు దారి ఇచ్చేది. ఇలా ఆరేళ్లు జరిగింది.

మోకాళ్ల నొప్పులేమో అని మొదట్లో అందరూ జాలిపడ్డారు. తర్వాత అడగడం మానేశారు. నేను మాత్రం మానలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, పైగా ఆమెకు ఉన్నది నేనొక్క బిడ్డనే.

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. ఆరేళ్ల కింద మా బాపు దేవయ్య నిజామాబాద్ పెద్ద దవాఖానలో మంచం పట్టి ఉన్నప్పుడు అవ్వ ఒక మొక్కు మొక్కింది. ఆయన లేచి ఇంటికి నడిచొస్తే మా బర్రె దూడను కోత పండుగకు ఇస్తానంది. పంటలు ఇంటికొచ్చాక మా చర్చిలో చేసే పండుగ అది. ఎవరి చేతనైంది వాళ్లు తెస్తారు, వడ్లో, గుమ్మడికాయో, కోడిపుంజో. వాటిని అక్కడే వేలం వేస్తారు. దూడను ఇచ్చినవాళ్లు మా వాడలో అంతకుముందు లేరు. అంత పెద్ద మొక్కు అది.

బాపు లేవలేదు. ఇరవై రెండో రోజు పోయాడు. దూడ కూడా చర్చికి పోలేదు, పక్కింటి హన్మవ్వ కొట్టంలోకి పోయింది. అదే ఇప్పుడు బర్రె అయి పాలిస్తోంది. పొద్దున్నే హన్మవ్వ గోడ మీద నుంచి నాకు ఒక చెంబు అందిస్తుంది. ఒక్కదానికి ఆ పాలు ఎక్కువే, అయినా తాగుతాను. అవ్వ మాత్రం ఆ బర్రె పాలు ముట్టదు. అది ఈనినప్పటి నుంచీ ఆమెది నల్ల చాయ.

మొక్కు చెల్లించలేదు కాబట్టి బల్లకు తగనని ఆమె అనుకుంటోందని నేనూ అనుకున్నాను, పాస్టరు గారూ అనుకున్నారు. ఆయన ఒకసారి ఇంటికి వచ్చి, "దేవుడు దూడ కోసం ఎదురుచూస్తాడా తల్లీ" అని నచ్చజెప్పారు. అవ్వ బుద్ధిగా తలూపింది, చాయ ఇచ్చింది, ప్రార్థన చేయించుకుంది. మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది, మళ్లీ కాళ్లు పక్కకు జరిపింది.

మా అవ్వ గురించి కొంచెం చెప్పాలి. ఆమెది వర్ని దగ్గర ఊరు. కాలువ కింద నాట్లు వేసే ఇంట్లో పుట్టింది. పెళ్లయి బోధన్ వచ్చాక అత్త దగ్గర బీడీలు చుట్టడం నేర్చుకుంది. ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే ఇక ఆమెను చూడక్కర్లేదు, చేతులను చూస్తే చాలు. ముందురోజు నానబెట్టి తడిగుడ్డలో చుట్టిన తునికాకును రేకు అచ్చు మీద పెట్టి కత్తిరిస్తుంది. చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం బిగిస్తుంది. ఇదంతా నేను ఒక మాట అని ముగించేలోపే అయిపోతుంది. కళ్లు గోడ మీద బల్లిని చూస్తుంటాయి.

కార్ఖానాలో చెకర్ అనేవాడు ఒకడుంటాడు. బీడీ కట్టలు విప్పి చూసి, బాగాలేనివి తీసి పక్కన పడేస్తాడు. వాడి ముందు మిగతా ఆడవాళ్లు నోరెత్తరు. మా అవ్వ ఎత్తుతుంది. "చెయ్యి నాది. ఆకు మీది. ఏది చెడ్డదో సూసి మాట్లాడు" అంటుంది. చర్చిలో చాప మీద కూర్చున్న గంగవ్వ, కార్ఖానాలో కొంగు బిగించిన గంగవ్వ ఒకే మనిషంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ఇక నా సంగతి. నా పేరు సువర్ణ. బీకాం చదివి, బోధన్ బస్టాండ్ దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. కులం సర్టిఫికెట్లు, కరెంటు బిల్లులు, పరీక్షల ఫారాలు నింపుతాను. సగం మంది తెలుగులో అడుగుతారు, సగం మంది మరాఠీలో. ఊళ్లో పిల్లలందరికీ ఐసెట్ ఫారాలు నింపి నింపి, నా ఫారం నేనెందుకు నింపుకోకూడదని ఒకరోజు అనిపించింది. డిచ్‌పల్లి యూనివర్సిటీలో ఎంబీఏ సీటు వస్తే బస్సు మీద పోయి రావచ్చు, అవ్వను ఒంటరిగా వదలక్కర్లేదు. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ వచ్చిన ర్యాంకుకు హైదరాబాద్ అవతల ఎక్కడో సీటు వచ్చేది, వదులుకున్నాను. మూడోసారి కూడా అంతే అయితే ఇక ఫారం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

నన్ను ముంచింది లెక్కలు. లెక్కల్లోనూ తర్కం. ప్రవచనాలు, సత్యపట్టికలు అని ఒక పాఠం ఉంటుంది. నాలుగైదు ప్రశ్నలు అందులోంచి ఖాయంగా వస్తాయి. ఆ పట్టిక కనబడగానే నేను పేజీ తిప్పేసేదాన్ని.

మూడోసారికి దశరథం సార్ దగ్గర చేరాను. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసం పరీక్షించే ల్యాబులో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక శక్కర్‌నగర్‌లో ఇంటి వరండాలో ట్యూషన్లు మొదలుపెట్టాడు. గోడకు నల్లరంగు వేసుకుని దాన్నే బోర్డు అన్నాడు. మొదటి రోజు దాని మీద ఇలా రాశాడు. 'భోంగా కూస్తే షిఫ్టు మారుతది.'

భోంగా అంటే ఫ్యాక్టరీ కూత. నా చిన్నప్పుడు ఊరంతా దాన్ని విని గడియారాలు సరిచేసుకునేది.

"భోంగా కూసింది, షిఫ్టు మారింది. నా మాట నిజమే గదా?" అన్నాడు సార్.

"నిజమే సార్."

"కూసింది, మారలేదు."

"మాట తప్పింది."

"మంచిది. భోంగా కూయలేదు, షిఫ్టు మారింది. ఇప్పుడు?"

"అది గూడ తప్పే."

"ఎట్ల తప్పు? కూయకపోతే ఏమైతదో నేనేమన్న చెప్పిన్నా? కూస్తే ఏమైతదో చెప్పిన, గంతే. కూయనప్పుడు షిఫ్టు మారినా, మారకపోయినా నా మాటకు ఏం కాదు. నాలుగు వరుసలల్ల మాట తప్పేది ఒక్క వరుసల్నే."

నాకు ఒళ్లు మండింది. మొదటి ముక్కే అబద్ధమైనప్పుడు మొత్తం మాట నిజం ఎలా అవుతుంది? ఇదేం లెక్క? అదే అడిగాను.

సార్ నవ్వి లోపలికి చెయ్యి చూపించాడు. "ఫ్యాక్టరీ మళ్ల తెరిస్తే నీకు బంగారు గొలుసు చేపిస్త అని మా ఆవిడకు చెప్పిన. ఎన్నేండ్లైందో ఆమెనే అడుగు. ఫ్యాక్టరీ తెరవలేదు, గొలుసు రాలేదు. నేను ఇయ్యాల్టి దాక అబద్ధమాడలేదు."

లోపల్నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "అబద్ధమైతే ఆడలేదు. మెడల గొలుసైతే పడలేదు."

"సూసినవా? నాలుగో వరుస" అన్నాడు సార్ గంభీరంగా.

అందరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఆగిపోయాను. ఫ్యాక్టరీ తెరిస్తే గొలుసు. బాపు లేస్తే దూడ. రెండూ ఒకే తీరు మాటలు కదా! బాపు లేవలేదు, దూడ ఇవ్వలేదు. మా అవ్వ ఆరేళ్లుగా కూర్చున్నది నాలుగో వరుసలో. ఆమె మాట తప్పనే లేదు.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు, నడిచానో ఉరికానో. అవ్వ చాట ముందు కూర్చుని ఉంది. నేను బిగ్గరగా చదివితే తప్ప తలకెక్కదు కాబట్టి నా పాఠాలన్నీ ఆమె చెవిన పడుతూనే ఉంటాయి. పాఠం పేరు ప్రవచనాలు అని మొదటిసారి విన్నప్పుడు ఏ ప్రవక్త ముచ్చటో అని బీడీలు ఆపి కూర్చుంది. షిఫ్టు, భోంగా వినబడేసరికి మళ్లీ చాట మీదికి వంగింది.

కాగితం మీద నాలుగు వరుసలు గీసి ఆమె ముందు పెట్టాను. "అవ్వా, జెర గిటు సూడు. బాపు లేచిండు, నువ్వు దూడనిచ్చినవు. మాట నిలబడ్డది. బాపు లేచిండు, నువ్వు ఇయ్యలే. మాట తప్పింది. బాపు లేవలే, అయినా ఇచ్చినవు. మాట తప్పలే. బాపు లేవలే, నువ్వు ఇయ్యలే. గిది మనది. గిండ్ల గూడ మాట తప్పలే. పరీక్షల గిట్ల రాస్తేనే మార్కు ఇస్తరు."

పాస్టరు గారు చేయలేనిది నేను చేశానన్న గర్వంతో ఆమె మొహంలోకి చూశాను. అవ్వ నాలుగు బీడీలు చుట్టింది. ఐదో దానికి దారం అందుకుని, ఆపేసింది.

"మాట తప్పిన్నని ఏడుస్తున్న అనుకున్నవా బిడ్డా?"

"మరి?"

"ఆ బేస్తవారం నాడు హన్మవ్వ ఫోన్ చేసింది. దూడ తాడు తెంపుకుంటున్నది, నీళ్లు పెట్టేటోళ్లు లేరన్నది. దవాఖాన మెట్ల మీద కూసున్న నేను. ఎన్ని దినాలసందో కన్ను మూయలే. 'నాతోని ఐతలేదు హన్మవ్వా, నువ్వే కట్టేసుకో, ఇగ అది నీదే' అన్న. దేవునికి ఇస్తనన్నదాన్ని నా నోటితోనే ఇంకొకలకు ఇచ్చిన. తెల్లారి శుక్రవారం మీ బాపు పోయిండు."

అవ్వ చేతిలోని దారాన్ని వేలికి చుట్టుకుంది.

"ఆయన లేస్తే ఇస్త అన్న. నేను ఇయ్యనని తేలిపోయినంక దేవుడు ఎందుకు లేపుతడు? దూడ ఇయ్యకపోతే ఆయన లేవడన్నట్టే గదా. నీ పుస్తకంల సూడు, ఉంటది."

ఆరేళ్లుగా ఆమె మోస్తున్నది మొక్కు కాదు, బాపు చావు. అది ఎవరికీ చెప్పలేదు. చెకర్ మీద విరుచుకుపడే మనిషి, తన మీద తానే ఇంత పెద్ద నేరం మోపుకుని నోరు మూసుకుని కూర్చుంది.

అదేం లేదని చెప్పడానికి నిజంగానే పుస్తకం తెరిచాను. తెరవకపోయినా బాగుండేది. సార్ ఇంకా చెప్పని పేజీలో ప్రతివర్తితం అని ఒక మాట ఉంది. 'ఇది అయితే అది' అన్న మాట నిజమైతే, 'అది కాకపోతే ఇది కాదు' అన్నదీ అంతే నిజమట. రెండూ సమానమట. 'ఆయన లేస్తే దూడ ఇస్తాను' అన్నది నిజమైతే, 'దూడ ఇవ్వకపోతే ఆయన లేవలేదు' అన్నదీ నిజం. పట్టిక వేసి చూశాను. మళ్లీ వేశాను. నాలుగు వరుసలూ ముద్దుగా కలిసిపోయాయి. పుస్తకం అవ్వ దిక్కు నిలబడింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఓదార్చబోయి ఆమె నేరానికి అచ్చులో సాక్ష్యం తెచ్చినట్టయింది. పుస్తకం మూసేశాను.

మర్నాడు అందరూ వెళ్లేదాకా ఆగి దశరథం సార్‌ని అడిగాను. మా అవ్వ అని చెప్పలేదు, మాకు తెలిసిన ఒకామె అన్నాను. సార్ విన్నంతసేపూ సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి గోడ మీద పట్టిక వేశాడు.

"గిండ్ల బేస్తవారం ఎక్కడుందో చూపియ్యి."

"లేదు సార్."

"శుక్రవారం?"

"అది గూడ లేదు."

"పట్టికకు ముందు తెల్వదు, ఎనుక తెల్వదు. ఏది అయింది, ఏది కాలేదు, రెండూ ఒకచోట ఉండొచ్చా లేదా, గంతే చెప్తది. దేని వల్ల ఏది అయిందో చెప్పదు. 'అయితే' వేరు, 'అందుకే' వేరు బిడ్డా. సగం మంది పిల్లలు పరీక్షల గీడనే బోర్ల పడతరు. మిగిలినోళ్లు పరీక్ష పాసై, ఇంటికాడ పడతరు."

నాకు గుండెల మీద రాయి సగం జరిగింది. మిగతా సగం ఆమె మీద ఉంది కదా. "గీ మాట చెప్తే ఆమె నమ్ముతదా సార్?"

"నా గొలుసు ముచ్చట మా ఆవిడనే నమ్మలే. పట్టిక జోలికి పోకు. ఆమె చేతిల ఉన్న పనిలకెళ్లి చెప్పు."

చెప్పడం తేలికే. ఏం చెప్పాలి? రెండు వారాలు బుర్ర చించుకున్నాను. వాన, తడి నేల, పొగ, నిప్పు, పుస్తకంలోని ఉదాహరణలన్నీ అవ్వ మీద ఊహించుకుని చూశాను. ఏదీ ఆమె దాకా పోయేలా లేదు. ఈలోగా పరీక్ష పదిరోజుల్లోకి వచ్చింది. అంకగణితం చదువుతుంటే మధ్యలో దవాఖాన మెట్లు గుర్తొచ్చేవి. అవ్వ మాత్రం ఏమీ జరగనట్టే ఉంది. చెప్పేసింది, అంతే. నల్ల చాయ తాగి చాట ముందు కూర్చునేది.

ఒక సాయంత్రం నేను సెంటర్ నుంచి వచ్చేసరికి ఇంట్లో తుఫాను. చెకర్ ఆమె కట్టలు విప్పి సగం పక్కన పడేశాడట. అవ్వ వాటిని తెచ్చి నట్టింట్లో కుమ్మరించి, వాడి ఏడు తరాలను తిడుతోంది.

"ఆకు ఖరాబున్నది అంటే, 'ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది నీ ముచ్చట' అంటడు. ఎవలకు ఆడరాదురా? ముప్పై ఏండ్లసంది చుడుతున్న. సువర్ణా, నువ్వు చెప్పు. ఆకు మంచిదైతే నా చేతిల బీడీ ఎన్నడన్న చెడ్డదా?"

"ఎన్నడు చెడలే."

"మరి గిది చెడ్డదంటే?"

"ఆకు మంచిది కాదన్నట్టు" అన్నాను నేను, చెప్పులు విప్పుతూ.

"గదే చెప్పిన ఆనికి!"

ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయాను. ఆకు మంచిదైతే బీడీ మంచిది. బీడీ మంచిది కాదంటే ఆకు మంచిది కాదు. పుస్తకంలో చూసి రెండుసార్లు పట్టిక వేసి నేను భయపడ్డ మాట ఇదే. మా అవ్వ దీన్ని కార్ఖానాలో రోజూ అరుస్తూనే ఉంది.

మెల్లగా వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఒక పాడు బీడీ తీసి చేతిలో పెట్టాను. "అవ్వా, గీ బీడీ చెడిపోయింది. అందుకే ఆకు చెడ్డదైందా?"

నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసింది. "పిచ్చి లేసిందా పోరీ? బీడీ చెడితే ఆకెట్ల చెడతది? ఆకు ముందే చెడ్డది. అడవిల కోసిన్నాడే మచ్చ పట్టింది దానికి. నా చేతికి వచ్చినంక బయటపడ్డది, గంతే."

"బీడీ మంచిగ లేకపోతే ఆకు మంచిది కాదు అన్నవు. మాట నిజమే. అయినా ఆకు చెడింది బీడీ వల్ల కాదు."

"కాదు. ఎట్లైతది?"

"దూడ ఇయ్యకపోతే బాపు లేవడు అన్నవు."

ఆమె చేతిలో బీడీ ఆగిపోయింది. నేను ఆగలేదు. ఆగితే మళ్లీ నాకు ధైర్యం రాదు. "అది గూడ గిసొంటి మాటనే అవ్వా. నువ్వు దూడను ఇచ్చేసినందుకు బాపు పోలేదు. దవాఖానల మొదటి రోజే డాక్టర్ నన్ను బయటికి పిలిచి చెప్పిండు. రెండు కిడ్నీలు ఏండ్లసంది పాడైనయి, తెచ్చేసరికే ఆలస్యమైంది, ఎక్కువ దినాలు ఉండడు అన్నడు. నువ్వు మొక్కక ముందే, దూడ ముచ్చట లేవక ముందే."

"మొదటి రోజేనా?"

"మొదటి రోజే."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఆశ మీద ఉన్నవు. నాకు నోరు రాలే."

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మంచిపనే చేస్తున్నాననుకుని ఆ మాట మింగాను. తర్వాత చెప్పినా ఏం లాభం, పోయినవాడు రాడు కదా అనుకున్నాను. ఆమె ఆ బేస్తవారాన్ని లోపల పెట్టుకుని తిరుగుతోందని నాకు తెలియదు, నా దగ్గర దానికి మందు ఉందని ఆమెకు తెలియదు. ఒకే గదిలో ఆరేళ్లు ఉన్నాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే సిగ్గు.

అవ్వ ఆ పాడు బీడీ దారం తెంపింది. తంబాకు చాటలోకి దులిపి, ఆకును మోకాలి మీద సాపు చేసి దీపం దిక్కు ఎత్తి చూసింది. మధ్యలో తుప్పురంగు మచ్చ, ఈనె దాకా పాకి ఉంది.

"ముందే ఉన్నది" అంది.

"ముందే ఉన్నది."

"నా చేతిల కాదు."

"నీ చేతిల కాదవ్వా."

ఫెడీమని నా భుజం మీద ఒకటి కొట్టింది. "ఆరేండ్లు! ఆరేండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవే!" అని రెండోది కూడా కొట్టింది. తర్వాత నా మెడ పట్టుకుని ఏడ్చింది. బాపు పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. ఆ రోజు ఆమె ఏడుపులో భయం ఉండింది. ఇది ఉత్త ఏడుపు, మొగుడు పోయిన మనిషి ఏడుపు. ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని, "అన్నం తిందాం పా" అంది. ఇద్దరం బాగా తిన్నాం.

పరీక్ష నిజామాబాద్ అవతల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పడింది. కంప్యూటర్ మీద తర్కం ప్రశ్నలు నాలుగు వచ్చాయి. మూడోది చూసి ఫక్కున నవ్వాను, పర్యవేక్షకురాలు కళ్లజోడు పైనుంచి చూసింది. 'దీపం వెలిగితే గది వెలుగుతుంది' అన్న ప్రవచనానికి ప్రతివర్తితం ఏది అట. నన్ను అడుగుతున్నారు! గది వెలగకపోతే దీపం వెలగలేదు. నొక్కి, ముందుకు పోయాను. ర్యాంకు వచ్చాక డిచ్‌పల్లి సీటు దొరికింది. దశరథం సార్ ఇంటికి జిలేబీ పట్టుకుపోతే ఆయన రెండు తిని, "సీటు వస్తే జిలేబీ తెస్త అని నువ్వు మాటివ్వలేదు గదా, మరెట్ల తెచ్చినవు?" అని అడిగాడు. లోపలి నుంచి ఆవిడ వచ్చి, "ఇస్త అనకున్నా తెచ్చెటోళ్లను చూసి నేర్చుకోండ్రి" అని గిన్నె లోపలికి తీసుకుపోయింది.

కానీ ఆ ఫలితాలు రాకముందే మొదటి ఆదివారం వచ్చింది. అవ్వను నేనేమీ అడగలేదు. అడిగితే ఎక్కడ చెడుతుందో అని మొదటిసారి నోరు కట్టుకున్నాను. పాట అయింది, వాక్యం అయింది, పాస్టరు గారు పిలిచారు. ముందు వరుసలు వెళ్లొచ్చాయి. మా వరుస లేచింది. అలవాటు కొద్దీ, అవ్వ కాళ్లు తగలకుండా దాటడానికి నేను పక్కకు ఒక అడుగు వేశాను. అక్కడ కాళ్లు లేవు. తలెత్తి చూస్తే ఆమె అప్పటికే నడవలోకి వెళ్లిపోయింది, తల మీద కొంగు సరిచేసుకుంటూ. పాస్టరు గారి చెయ్యి ఆమె దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది. రొట్టె ముక్క ఆమె అరచేతిలో పెట్టి, ఆయన కూడా కళ్లు తుడుచుకున్నారు.

ఆమె పక్కన మోకరించి నేనేం ప్రార్థన చేశానో చెప్పను. హమ్మయ్య అన్న మాటను ప్రార్థన అనొచ్చో లేదో నాకు తెలియదు.

ఇంటికి వచ్చాక చాయ పెట్టబోతుంటే అవ్వ గోడ దగ్గరికి వెళ్లి పిలిచింది. "హన్మవ్వా! ఇంకిన్ని పాలు పొయ్యి. ఇయ్యాల్టిసంది నేను గూడ తాగుత."

గోడ అవతల హన్మవ్వ బర్రె దగ్గర నుంచి లేచిన చప్పుడైంది. గోడ మీద నుంచి తొంగి చూసింది. తర్వాత అంది.

"అది ఈనినప్పటిసంది నీ వంతు గూడ కలిపే పోస్తున్న గంగవ్వా. నీ బిడ్డనే తాగుతున్నది."

చెంబులోకి చూశాను. నిజమే, ఎప్పుడూ ఇద్దరికి సరిపోను ఉండేది. రెండు గ్లాసులు పెట్టాను.